గుడ్లెన్ని గట్టయ్యా?

ఒక పెద్ద అడవిలో అంతకన్నా పెద్ద కోపం ఒకటి ఉండేది. అది పెద్దపులి మహారాజుగారి కోపం. పొద్దున లేస్తే కోపం, ఎండెక్కితే కోపం, వానొస్తే వాన మీద కోపం. ఆకలికి తినే పులితో అడవి ఎలాగోలా సర్దుకుపోతుంది. కోపానికి తినే పులితో ఎలా సర్దుకుంటుంది? ప్రజలు బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నారు.

ఒకరోజు రాజావారు వేటకెళ్లి, వానలో తడిసి, అడవి అంచున ఉన్న బంగళాలో తలదాచుకున్నారు. మనుషులు ఈమధ్యే ఖాళీ చేసి పోయిన బంగళా అది. హాల్లో ఒక పెద్ద గాజు తొట్టి వదిలేసి పోయారు. తొట్టిలో రెండు ఏంజెల్ చేపలు. తమలపాకంత ఒళ్లు, ఒంటి మీద నల్లటి నిలువు చారలు, పైకీ కిందికీ సాగిన పొడుగాటి రెక్కలు. అవి ఈదుతున్నట్టు లేదు. పెళ్లిపందిట్లో పట్టుచీర కట్టుకున్న పెద్దముత్తైదువుల్లా తీరిగ్గా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

రాజావారు చూస్తూ కూర్చున్నారు. సాయంత్రమైంది. చూరు కింద ఇరుక్కుపోయి వణుకుతున్న కుందేలుతో, "ఇంకా ఇక్కడే ఉన్నావేమ్మా? ఇంటికెళ్లు, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది" అన్నారు.

కుందేలు ఈ సంగతి చెబితే అడవిలో ఎవరూ నమ్మలేదు. మర్నాడు ఒక దుప్పి కూడా క్షేమంగా ఇల్లు చేరాక నమ్మారు.

రాజవైద్యుడు కొండముచ్చు నాడి పట్టి చూశాడు. "చేపల్ని చూస్తుంటే కోపం దిగుతోంది ప్రభూ. మందులన్నీ మానేసి ఇదే వాడండి" అన్నాడు.

తమకు మంచి జరిగితే రాజావారు ఊరుకోరు, అది అందరికీ జరగాలంటారు. అక్కడే చిక్కు వచ్చిపడింది. "కోపం నాకొక్కడికేనా? వచ్చే వసంతోత్సవం నాటికి ప్రతి పొదలో, ప్రతి గుహలో, ప్రతి పుట్టలో ఒక కుండెడు నీళ్లు, అందులో జంట చేపలు ఉండాలి" అని శాసించారు. పథకానికి 'ఇంటింటికీ ఏంజెల్' అని పేరు పెట్టారు. పథకమన్నాక శాఖ ఉండాలి కాబట్టి మత్స్యశిశు సంక్షేమ శాఖ పుట్టింది. శాఖన్నాక అధికారి ఉండాలి కాబట్టి ఇంటర్వ్యూలు పెట్టారు.

ఇంటర్వ్యూ చేసింది సూదమ్మ మేడం. ముళ్లపంది. అడవిలో సమీక్షలన్నీ ఆమెవే. కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఆమె ముళ్లు ఒకేలా లేస్తాయి. అందుకని ఎవరైనా సరే కాస్త దూరంగా నిలబడి, "చిత్తం మేడం" అని మాత్రమే అంటారు.

గట్టయ్య అనే ఉడుము వచ్చి నిలబడ్డాడు.

"గుడ్లతో అనుభవముందా?" అని అడిగారు మేడం.

"బుద్ధెరిగినప్పట్నుంచీ గుడ్ల మీదే బతికాను మేడం" అన్నాడు గట్టయ్య.

నిజమే చెప్పాడు పాపం. తాబేలు గుడ్డు, నెమలి గుడ్డు, మొసలి గుడ్డు, అతను రుచి చూడని గుడ్డు అడవిలో లేదు. మేడం అదంతా అనుభవం కింద జమకట్టారు. "వసంతోత్సవం దాకా టెంపరరీ. పని చూపిస్తే పర్మనెంట్. లేదంటే నీ పుట్టకి నువ్వు పో" అన్నారు.

ఉద్యోగంతోపాటు బంగళా వెనక గది క్వార్టర్సుగా ఇచ్చారు. గది ముందు నాపరాయి, రాయి మీద పొద్దంతా ఎండ. గట్టయ్య భార్య పుట్టాలమ్మ ఆ రాయి మీద ఒకసారి పడుకుని లేచి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎందుకు పెట్టుకోదు? ఏటా వానాకాలం రాగానే నాగుపాము వచ్చి, "ఇది మా తాతల నాటి పుట్ట" అని బుసకొట్టి ఇల్లు ఖాళీ చేయించేది. పిల్లా జెల్లాతో ఎన్ని చెట్ల వెంట తిరిగారో వాళ్లకే తెలుసు.

"ఏమయ్యా, నీ ఉడుంపట్టంతా ఈ ఉద్యోగం మీద చూపించు. ఇది ఊడిందా, ఆ పాము మొహం మళ్లీ చూడలేను, చెప్తున్నా" అంది పుట్టాలమ్మ.

"ఊడదే. నేను పడితే వదిలేరకమా?" అన్నాడు గట్టయ్య. అన్నాడు గానీ చేపల గురించి అతనికి ఓనమాలు తెలియవు.

అదృష్టం బాగుండి తొట్టిలో ఉన్నవి ఒకళ్లనొకళ్లు మెచ్చి జతకట్టిన ఆలుమగలే. ఆవిడ తళుకమ్మ, ఆయన చారప్ప. ఇద్దరూ తొట్టిలో మొక్కకున్న వెడల్పాటి ఆకునొకదాన్ని చూసుకుని, మూతులతో పొద్దస్తమానం దాన్ని తోమారు. తర్వాత తళుకమ్మ ఆకు మీద కింద నుంచి పైకి జరుగుతూ వరసగా గుడ్లు అంటించింది. వెనకే చారప్ప జరుగుతూ వెళ్లాడు. ఆవాలంత గుడ్లు. పక్కపక్కన పేర్చినట్టు, ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఇద్దరూ వంతులవారీగా రెక్కలతో వాటికి విసరడం మొదలుపెట్టారు. తెల్లబడి చెడిపోయిన గుడ్డు కనిపిస్తే మూతితో తీసి పారేస్తున్నారు.

గట్టయ్య నోట్లో నీళ్లూరాయి. గుటకేసి, ఉద్యోగాన్ని తలుచుకుని ఊరుకున్నాడు.

"అన్నా," అంది తళుకమ్మ, "మాకేం వద్దు. ఎవర్నీ మా దగ్గరికి రానీకు, అది చాలు. మాకు కంగారు పుడితే మా బుద్ధి మా చేతిలో ఉండదు. గుడ్లు మేమే తినేస్తాం."

"ఛ ఛ, కన్నవాళ్లెవరైనా తింటారా చెల్లెమ్మా!" అన్నాడు గట్టయ్య. కనకుండా తిన్నవాడు కాబట్టి అతనికి ఆ సంగతి కొత్తగా ఉంది.

గుడ్లు పెట్టారన్న కబురు వినగానే సూదమ్మ మేడం తనిఖీకి బయల్దేరారు. తనిఖీ అంటే ఒక్కరే వస్తారా? ముందు వడ్రంగిపిట్ట డప్పు, వెనక నెమలి నాట్యం, ఆ వెనక బడిపిల్లలు. కోతిపిల్లలు గాజుకి ముక్కులు ఆనించి, "చేపా చేపా ఇటు చూడవే" అంటూ టకటక కొట్టాయి. మేడం గుడ్లు చూసి సంతోషించారు. ముళ్లు లేచాయి. గాజు మీద గరగరమని రాసుకున్నాయి.

అందరూ వెళ్లాక గట్టయ్య వచ్చి చూస్తే ఆకు ఖాళీ. ఒక్క గుడ్డు లేదు.

"ఎంత పని చేశావు చెల్లెమ్మా!"

"ముందే చెప్పానుగా అన్నా," అంది తళుకమ్మ నీరసంగా. "ఇది కావాలని చేసేది కాదు, భయం చేయిస్తుంది. ఎవడో వచ్చి తినేలోపు మనమే తింటే, ఆ బలంతో మళ్లీ పెట్టుకోవచ్చని మా ఒంటికి తెలుసు." చారప్ప మాత్రం మొక్క చాటుకి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

గట్టయ్య నెలాఖరు సమీక్షకు పోవాలి. ఏం మొహం పెట్టుకుని పోతాడు? కానీ అతను పోయేలోపే ఒక విచిత్రం జరిగింది. తళుకమ్మ అన్నట్టే ఆకు మీద మళ్లీ గుడ్లు కనిపించాయి, ముందటికన్నా ఎక్కువ.

సమీక్షలో మేడం అడిగింది ఒక్కటే. "గుడ్లెన్ని గట్టయ్యా?"

"మొదటిసారి మూడొందల పైచిలుకు, రెండోసారి నాలుగొందలు మేడం. మొత్తం..."

"భేష్!" అన్నారు మేడం. "నెల తిరగకుండా రెట్టింపు దాటించావు. తేనెశాఖ వాళ్లు నిన్ను చూసి నేర్చుకోవాలి." మరో తనిఖీ పెట్టించారు, అభినందించడానికి. డప్పుల మధ్య ఆ గుడ్లు కూడా పోయాయి. మళ్లీ పెట్టారు. మేడం మళ్లీ మెచ్చుకున్నారు.

అప్పుడు గట్టయ్య బుర్రకు వెలిగింది. గుడ్లు ఏమయ్యాయని అడిగేవాళ్లు అడవిలో ఒక్కరూ లేరు. ఎన్నని మాత్రమే అడుగుతారు. పోయేకొద్దీ పెడతారు, పెట్టేకొద్దీ లెక్క పెరుగుతుంది. ఇంత సుఖమైన ఉద్యోగం ఇంకెక్కడుంటుంది? గట్టయ్య ఆరోజు నాపరాయి మీద వెల్లకిలా పడుకుని హాయిగా ఎండ కాచుకున్నాడు.

ఇలా సాగిపోతుండగా వానాకాలం వచ్చింది. వాగు పొంగి బంగళాకి దారి తెగిపోయింది. తనిఖీలు లేవు, డప్పులు లేవు. రాజావారు కూడా గుహలో తుమ్ముతూ పడుకున్నారు. తొట్టి చుట్టూ వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

దారి తెగేముందే లెక్కకెక్కిన గుడ్లు ఈసారి అలాగే ఉన్నాయి. ఒక ఉదయం గట్టయ్య చూస్తే, ఆకు మీద గుడ్లు కావవి. సన్నటి తోకలు! దారప్పోగులంత తోకలు, ఆకుకి అతుక్కుని తెగ వణుకుతున్నాయి. చూస్తుండగానే చారప్ప వాటిని నోట్లోకి తీసుకున్నాడు.

"అయ్యో, తినకు బావా!" అని అరిచాడు గట్టయ్య.

చారప్ప మెల్లిగా ఇంకో శుభ్రమైన ఆకు దగ్గరికెళ్లి పిల్లల్ని అక్కడ అంటించి వచ్చాడు. "ఇల్లు మారుస్తున్నాం అన్నా," అంది తళుకమ్మ నవ్వుతూ. "అదే నోరు. భయమేస్తే తింటుంది, లేకపోతే మోస్తుంది."

గుడ్డులోంచి ఏదో ఒకటి వస్తుందని గట్టయ్యకు తెలుసు. రావడం మాత్రం అతనెప్పుడూ చూడలేదు. అంతవరకూ రానిస్తేగా! ఆ పూట అతను అన్నం తినలేదు.

కొద్దిరోజులకు పిల్లలు ఆకు వదిలి ఈదాయి. తల్లి ఎటు పోతే అటు ఒక మబ్బు కదిలినట్టు కదులుతున్నాయి. వాటికి కదిలే తిండే కావాలని, అదీ నలుసంత ఉండాలని తళుకమ్మ చెప్పింది. గట్టయ్య వానలో తడుస్తూ గుంటల వెంట తిరిగి, టేకాకు దొప్పల్లో కంటికి ఆనీ ఆనని ఎర్రటి నీటిపురుగుల్ని పట్టి తెచ్చాడు. తొట్టిలో నీళ్లు మురిగితే పిల్లలు బతకవంటే, రోజూ కాస్త పాతనీరు తోడి, వాననీరు కాసేపు ఎండలో పెట్టి పోశాడు. పుట్టాలమ్మ వచ్చి గాజు దగ్గర ఊపిరి బిగబట్టి చూసి, "ఆ మూల ఉన్నదానికి తిండి అందట్లేదయ్యా, అటు వెయ్యి" అని చెప్పేది. గింజంత పొట్టలు ఎర్రబడితే తిన్నాయని అర్థం. గట్టయ్యకు తన జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

వానలు తగ్గి దారి పడింది. సమీక్ష వచ్చింది.

"గుడ్లెన్ని గట్టయ్యా?"

"గుడ్లు లేవు మేడం!" అన్నాడు గట్టయ్య మొహం వెలిగిపోతూ. "పిల్లలున్నాయి! చారలు కూడా వస్తున్నాయి. పిల్లల్ని పెంచుతూ మళ్లీ గుడ్లు పెట్టరు మేడం, అవి పెద్దవైతే..."

"నేనడిగింది గుడ్లు."

"లేవు మేడం. కానీ పిల్లలు..."

"పిల్లల సంగతి నిన్నెవరడిగారు? వానాకాలం మొత్తానికి సున్నా!" మేడం ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "వసంతోత్సవం దగ్గరకొచ్చింది. రాజావారి ముందు నేను లెక్క చదవాలి. ఈ సున్నా ఇలాగే ఉంటే నీ పుట్ట నీకు ఉంది, చూసుకో."

గట్టయ్య అడకత్తెరలో పోకచెక్కలా ఇల్లు చేరాడు. పుట్టాలమ్మకు చెప్పాడు. "పాము నిన్న వాగు దగ్గర కనపడి, 'మీ పుట్టలో మా కోడలు కాపురం పెట్టింది, మీరింక రానక్కర్లేదుగా' అనడిగింది" అందామె. అనకుండానే అన్నీ అన్నట్టయింది.

మధ్యాహ్నం ఎండలో గట్టయ్య తొట్టి దగ్గరికి వెళ్లాడు. అతన్ని చూసి పిల్లల గుంపు గాజు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, తిండి తెచ్చాడని.

"రా అన్నా," అంది తళుకమ్మ.

గట్టయ్య అటు తిరిగాడు. కళ్లు మూసుకున్నాడు. బండలాంటి తోకెత్తి గాజు మీద ఫట్టుమని కొట్టాడు. తొట్టి అదిరింది. ఇంకోసారి కొట్టాడు. ఇంకోసారి.

వెనక్కి తిరిగి చూడలేదు. గదిలోకి పోయి గోడవైపు మొహం పెట్టుకుని ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. అయితే ఏడ్చినంత మాత్రాన పిల్లలు తిరిగి రావు కదా.

కొన్నాళ్లకు ఆకు మీద గుడ్లు కనిపించాయి. అవి పిల్లలయ్యేలోపే, ప్రతిసారీ గట్టయ్య తోక పని చేసింది. రెండోసారి ఏడుపు తగ్గింది, మూడోసారికి రాలేదు. లెక్క వేలు దాటింది. తళుకమ్మ అతనితో మాట్లాడ్డం మానేసింది. వసంతోత్సవం పొద్దున సూదమ్మ మేడం స్వయంగా వచ్చి, "ఈరోజు నుంచి నువ్వు పర్మనెంట్" అన్నారు.

ఆ సాయంత్రం బంగళా ముందు ఇసకేస్తే రాలనంత జనం. ప్రతివాళ్ల చేతిలో ఒక కుండ. రాజావారు తొట్టి పక్కన ఆసనం వేయించుకున్నారు. మేడం లెక్క చదివారు. "ఈ ఏడాది మన శాఖ సాధించిన గుడ్లు అక్షరాలా తొమ్మిదివేలు!" చప్పట్లు మోగిపోయాయి.

"బాగుంది. ఇక చేపలు పంచండి" అన్నారు రాజావారు.

గట్టయ్య మేడం వైపు చూశాడు. మేడం గట్టయ్య వైపు చూశారు.

"చేపలేవి?" అన్నారు రాజావారు. గొంతులో పాత కోపం గురగురమంది. ముందువరసలో కుండలు రెండు జారి పగిలాయి. "తొమ్మిదివేల గుడ్లు. తొట్టిలో చూస్తే రెండే చేపలు. మిగతావి ఎవరి పొట్టలోకి పోయాయి?"

జనంలోంచి ఒక అడవిపంది, "ఉడుము చేతికి గుడ్లిచ్చి అడుగుతారేంటి ప్రభూ! కంచే చేను మేసింది!" అని అరిచింది. అందరూ అందుకున్నారు. అతన్ని ఉద్యోగంలో పెట్టిన సూదమ్మ మేడం అందరికన్నా గట్టిగా అందుకున్నారు.

"నేను ఒక్కటి కూడా తినలేదు!" అని గొంతు చించుకున్నాడు గట్టయ్య. పుట్టిన తర్వాత గుడ్డు ముట్టకుండా గడిపిన ఏడాది అదొక్కటే. ఆ ఏడాదే గుడ్లదొంగ అయ్యాడు.

రాజావారు పంజా ఎత్తి, మళ్లీ ఏమనుకున్నారో తొట్టి వైపు తిరిగారు. "అమ్మా, నువ్వు చెప్పు. నీ గుడ్లు ఎవరు తిన్నారు?"

"మేమే తిన్నాం ప్రభూ," అంది తళుకమ్మ. "గానీ..."

"విన్నారుగా! అడిగినదానికి జవాబొచ్చింది. గానీలు అక్కర్లేదు" అన్నారు మేడం.

"అది కాదండీ, తొట్టి అదిరినప్పుడల్లా..." అన్నాడు చారప్ప.

"నిన్నెవరూ అడగలేదు!"

తళుకమ్మ గట్టయ్య వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత పిలిచింది. "అన్నా, మిగతాది నువ్వు చెప్పు."

ఆ 'గానీ' తర్వాత ఏముందో ఆ జనంలో గట్టయ్యకొక్కడికే తెలుసు. నోరు తెరిచాడు. ఎత్తి ఉన్న పంజా కనిపించింది. జనంలో పుట్టాలమ్మ కనిపించింది. పొద్దుటే వచ్చిన పర్మనెంట్ ఉద్యోగం గుర్తొచ్చింది.

"ఆ విషయం నా పరిధిలోకి రాదు చెల్లెమ్మా" అన్నాడు.

తీర్పు వచ్చింది. గట్టయ్య నిర్దోషి. కన్నబిడ్డల్ని తిన్న చేపలకు దేశబహిష్కారం. "కొండ కింద వాగు మలుపులో వదిలెయ్యండి. అక్కడ శాఖ ఉండదు, అధికారి ఉండడు, మిమ్మల్ని చూసేందుకు ఒక్క పురుగు కూడా రాదు. కుళ్లి కుళ్లి చావండి!" అని గర్జించారు రాజావారు.

"ఎవరూ రారా ప్రభూ?" అంది తళుకమ్మ. "డప్పులు కూడా?"

"డప్పులూ రావు!"

ఆలుమగలిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, టక్కున కుండలోకి దూకారు.

మర్నాడు పొద్దున రాజావారు అలవాటుగా వచ్చి తొట్టి ముందు కూర్చున్నారు. నీళ్లున్నాయి, మొక్క ఉంది, చూడ్డానికి ఏమీ లేదు. కాసేపటికి గోడలు దద్దరిల్లేలా గర్జన వినిపించింది. అడవంతా గుహల్లోకి పరుగెత్తింది.

సూదమ్మ మేడం అప్పటికప్పుడు అత్యవసర సమీక్ష పెట్టారు. "తొట్టి ఖాళీగా ఉంటే రాజావారికి కోపమొస్తోంది. ఎవరో ఒకరు అందులో తిరుగుతూ ఉండాలి. మత్స్యశాఖలో ఇంకా ఎవరు మిగిలారు?"

"గట్టయ్య ఒక్కడే మేడం. అతను పర్మనెంట్ కూడాను."

అలా గట్టయ్య తొట్టిలోకి దిగాడు. నిలబడేందుకు మధ్యలో ఒక రాయి వేశారు. రాజావారు మొదట మొహం చిట్లించారు. "చారలు లేవు, రెక్కలు లేవు" అన్నారు. కాసేపు చూశాక, "నాలుక మాత్రం బాగా ఆడిస్తున్నాడు" అని మెత్తబడ్డారు. కోపం దిగింది. అడవి ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడు వారానికోసారి తనిఖీ. వడ్రంగిపిట్ట డప్పు, నెమలి నాట్యం. కోతిపిల్లలు గాజు మీద టకటక కొట్టి, "ఉడుమా ఉడుమా ఇటు చూడవా" అంటాయి. ప్రతి దెబ్బకీ గట్టయ్య ఒళ్లు జలదరిస్తుంది. ఏం చేస్తున్నాడో తెలియకుండా తన తోక తనే కొరుక్కుంటాడు.

పుట్టాలమ్మ రోజూ నాపరాయి మీద కాసేపు ఎండ కాచుకుని, భర్తకు అన్నం పట్టుకొస్తుంది. ఒకరోజు ఆమె మొహం విప్పారి ఉంది.

"వాగు మలుపులో చూసొచ్చానయ్యా. తళుకమ్మ వెంట పిల్లలు! నీళ్లే కనపడ్డం లేదు!"

గట్టయ్య గభాల్న లేచాడు. ముక్కు గాజుకి కొట్టుకుంది. "ఎన్నున్నాయే?"

"ఏమో. అక్కడ లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరుగా" అంది పుట్టాలమ్మ. "నువ్వెప్పుడు బయటికొస్తావు?"

"ఎలా వస్తానే?" అన్నాడు గట్టయ్య. "పర్మనెంట్ కదా."

నీతి: గుడ్లు పోయినా, పిల్లలు పోయినా, శాఖ మాత్రం పదికాలాలపాటు చల్లగా ఉండాలి.